రోజు సగటు ఉష్ణోగ్రత: రెండు అంకెలు చాలా, ఇరవై నాలుగూ కావాలా?

మా అన్నయ్య కూతురు ఏడో తరగతి. వేసవి సెలవుల్లో ఒక వారం పాటు రోజూ ఉష్ణోగ్రత రాసి, సగటు కట్టి తెమ్మన్నారట బడిలో. నోటుబుక్కు తెచ్చి నా ముందు పెట్టింది. రోజుకు మూడు అంకెలు ఉన్నాయి. ఎప్పుడెప్పుడు చూశావమ్మా అని అడిగితే, "పొద్దున పళ్ళు తోముకున్నాక, మధ్యాహ్నం నిద్ర లేచాక, ఆటకు వెళ్ళే ముందు, బాబాయ్" అంది. అంటే సుమారు ఏడున్నర, నాలుగున్నర, ఆరు. మూడూ కలిపి మూడుతో భాగించింది. కూడికలో తప్పు లేదు, భాగహారంలో తప్పు లేదు. సగటు మాత్రం తప్పు. ఆ నోటుబుక్కులో రాత్రి అనేదే లేదు.

రాశుల మొత్తాన్ని రాశుల సంఖ్యతో భాగిస్తే సగటు వస్తుందని పుస్తకం చెప్పేది నిజమే. పది మామిడిపండ్ల సగటు బరువు కావాలంటే పదీ తూస్తాం, భాగిస్తాం, పని అయిపోతుంది. ఉష్ణోగ్రత అలాంటిది కాదు. అది పగలూ రాత్రీ ఆగకుండా పారే కాలువ. అందులో ఎన్నిసార్లు, ఏ వేళల్లో చెంబు ముంచామన్నదే సగటును నిర్ణయిస్తుంది. ప్రపంచంలో వాతావరణాన్ని కొలిచేవారు రెండు శతాబ్దాలకు పైగా ఈ చెంబు ముంచే పద్ధతుల గురించే తర్జనభర్జన పడుతున్నారు. ఇప్పటికీ అందరూ ఒకే పద్ధతిలో లేరు.

పోల్చి చూడటానికి ఒక రోజును ఊహించుకుందాం. రోహిణి కార్తె, ఖమ్మం లాంటి ఊరు, మబ్బు లేని రోజు. అంకెలు లెక్క కోసం నేను అనుకున్నవే కానీ, అక్కడి ఎండ ఎరిగినవారికి కొత్తగా అనిపించవు. రాత్రి 2:30కు 30.0 డిగ్రీలు, తెల్లవారి 5:30కు 28.2, ఉదయం 8:30కు 32.0, 11:30కు 38.0, మధ్యాహ్నం 2:30కు 42.0, సాయంత్రం 5:30కు 40.2, రాత్రి 8:30కు 35.0, 11:30కు 32.2. ఈ వేళలు వినడానికి వింతగా ఉన్నా, వాతావరణ పరిశీలనలకు ప్రపంచమంతా వాడే గంటలు ఇవే. గ్రీన్‌విచ్ కాలం ప్రకారం సున్నా నుంచి మూడేసి గంటలకు ఒకటి చొప్పున లెక్కపెట్టి, మన అయిదున్నర గంటలు కలిపితే ఈ అరగంటలు వస్తాయి. ఆ రోజు గరిష్ఠం 42.4, కనిష్ఠం 28.0 అనుకుందాం.

ఎనిమిది రీడింగులూ కలిపితే 277.6. ఎనిమిదితో భాగిస్తే 34.7. గంటకొకటి చొప్పున ఇరవై నాలుగు తీసుకున్నా దీనికి అటూ ఇటూగానే వస్తుంది కాబట్టి, దీన్నే అసలు సగటుగా పెట్టుకుని మిగతా పద్ధతులను దీని పక్కన నిలబెడదాం.

గరిష్ఠం, కనిష్ఠం కలిపి సగం చేస్తే 42.4, 28.0 మొత్తం 70.4, అందులో సగం 35.2. అసలు సగటు కంటే అర డిగ్రీ ఎక్కువ. నిజానికి దీన్ని సగటు అనడం కూడా మర్యాదకే. రెండు కొసలకు నడిమి బిందువు ఇది. ఈ అర డిగ్రీ ఎక్కడి నుంచి వచ్చిందో పై అంకెల్లోనే కనిపిస్తుంది. ఉష్ణోగ్రత 35.2ను ఉదయం పది దాటాక అందుకుంది, రాత్రి ఎనిమిదింపావు దాటాక దిగింది. నడిమి బిందువుకు పైన ఉన్నది పది గంటల చిల్లర, కింద ఉన్నది దాదాపు పద్నాలుగు గంటలు. ఎండ గబగబా ఎక్కుతుంది, వేడి నింపాదిగా దిగుతుంది. కొసలు రెండే చూసేవాడికి ఈ నింపాదితనం కనిపించదు. అన్ని ఊళ్ళలోనూ తేడా ఇంతే ఉంటుందని కాదు, ఎప్పుడూ ఎక్కువ వైపే ఉంటుందనీ కాదు. సముద్రపు గాలి తగిలే విశాఖ లాంటి చోట పగటికీ రాత్రికీ అంతరమే తక్కువ కాబట్టి, మామూలు రోజుల్లో ఏ పద్ధతిలో కట్టినా అంకెలు దగ్గరదగ్గరగానే వస్తాయి.

మూడో పద్ధతి జర్మనీది. 1780లో మన్‌హైమ్‌లో ఏర్పడిన వాతావరణ సంఘం, యూరప్‌లో పలుచోట్ల ఒకే వేళల్లో రీడింగులు తీయించాలని పూనుకుంది. ఉదయం ఏడు, మధ్యాహ్నం రెండు, రాత్రి తొమ్మిది. ఆ వేళలకు మన్‌హైమ్ గంటలన్న పేరు స్థిరపడింది. రాత్రంతా మేలుకోమని ఎవరినీ అడగలేరు కాబట్టి, తర్వాతి కాలంలో ఒక చిట్కా పట్టారు: రాత్రి తొమ్మిది రీడింగును రెండుసార్లు లెక్కలో వేసి, మొత్తాన్ని నాలుగుతో భాగించడం. రాత్రి తరఫున ఆ ఒక్క అంకె రెండు ఓట్లు వేస్తుందన్నమాట. మన రోజుకు ఏడింటికి 29.4, రెండింటికి 41.8, తొమ్మిదింటికి 34.4 అనుకుంటే, మామూలుగా మూడుతో భాగిస్తే 35.2 వస్తుంది, రాత్రిని రెట్టించి నాలుగుతో భాగిస్తే 35.0. అసలు సగటుకు కొంచెం దగ్గరైంది. జర్మనీ ఈ పద్ధతిని 2001 దాకా వదల్లేదు. స్వీడన్ ఇంకా ఓపికగలది. మూడు వేళల రీడింగులనూ, గరిష్ఠ కనిష్ఠాలనూ కలిపి, ఊరు ఉన్న రేఖాంశాన్నీ నెలనూ బట్టి ఒక్కోదానికి ఒక్కో బరువు ఇచ్చే సూత్రం ఒకటి తయారుచేసుకుంది.

మరి మా అమ్మాయి పద్ధతి? ఏడున్నరకు 30.4, నాలుగున్నరకు 41.0, ఆరింటికి 39.6. మొత్తం 111, సగటు 37.0. అసలు కంటే 2.3 డిగ్రీలు ఎక్కువ. రెండే అంకెలున్న పద్ధతి అర డిగ్రీ తప్పితే, మూడు అంకెలున్న పద్ధతి రెండు డిగ్రీలకు పైగా తప్పింది. ఎక్కువసార్లు కొలిస్తే సగటు తనంతట తానే బాగుపడుతుందన్న నమ్మకం చాలామందికి ఉంటుంది. నాకూ ఉండేది.

ఎండ రోజుతో సరిపెడితే ఈ పోలిక సులువుగా తేలిపోయేది. అసలు పరీక్ష గాలివాన రోజున.

అదే ఊరు, అదే కార్తె. మధ్యాహ్నం 2:30 దాకా అంతా మామూలే: 30.0, 28.2, 32.0, 38.0, ఆ తర్వాత 41.6. గరిష్ఠం 42.0 తాకింది. మూడున్నరకు ఆకాశం నల్లబడి, దుమ్ము లేచి, మామిడికాయలు రాలి, గంటసేపు వాన దంచికొట్టింది. 5:30కు 27.0, రాత్రి 8:30కు 26.4, 11:30కు 26.0. వాన జోరులో ఒక దశలో 25.6కు దిగింది. ఎనిమిదీ కలిపితే 249.2, సగటు 31.2. గరిష్ఠం 42.0, కనిష్ఠం 25.6 అనుకుంటే నడిమి బిందువు 33.8. తేడా రెండున్నర డిగ్రీలు దాటింది. 42 డిగ్రీలు ఉన్నది కాసేపే అయినా, ఆ కాసేపే రోజులో సగం తూకం తూగుతోంది.

ఇంకో తిరకాసు ఉంది. మన పరిశీలన కేంద్రాల్లో కనిష్ఠ ఉష్ణోగ్రతను ఉదయం 8:30కు చదువుతారు. ఆ వేళకు రాసుకునేది తెల్లవారుజామున నమోదైన 28.0. సాయంత్రం వానలో వచ్చిన 25.6, ఉదయం 8:30కు మొదలయ్యే తర్వాతి ఇరవై నాలుగు గంటల ఖాతాలోకి పోతుంది. అప్పుడు ఆ తేదీకి గరిష్ఠం 42.0, కనిష్ఠం 28.0, సగటు 35.0. సాయంత్రమంతా జనం డాబాల మీద చల్లగా కూర్చున్న రోజు, రికార్డులో నిప్పులు చెరిగిన రోజుకు అక్కాచెల్లెళ్ళలా కనిపిస్తుంది. మన్‌హైమ్ గంటలు ఇక్కడ బాగా గట్టెక్కాయి. ఏడింటికి 29.4, రెండింటికి 41.2, తొమ్మిదింటికి 26.4 రెండుసార్లు, నాలుగుతో భాగిస్తే 30.9. అసలుకు 0.3 మాత్రమే తక్కువ.

పక్కపక్కన పెడితే ఇలా ఉంటుంది:

| పద్ధతి | ఎండ రోజు | గాలివాన రోజు |
|---|---|---|
| మూడు గంటలకొకటి, ఎనిమిది రీడింగులు | 34.7 | 31.2 |
| గరిష్ఠం, కనిష్ఠంలో సగం (అర్ధరాత్రి నుంచి అర్ధరాత్రి) | 35.2 | 33.8 |
| గరిష్ఠం, కనిష్ఠంలో సగం (కనిష్ఠం ఉదయం 8:30కు చదివితే) | 35.2 | 35.0 |
| ఏడు, రెండు, తొమ్మిది (రాత్రి రెండింతలు) | 35.0 | 30.9 |
| తోచినప్పుడు చూసిన మూడు | 37.0 | 28.2 |

చివరి వరుస చూడండి. ఎండ రోజున రెండు డిగ్రీలు పైకి, వాన రోజున మూడు డిగ్రీలు కిందికి. ఎప్పుడూ ఒకే వైపు తప్పే గడియారంతో కాపురం చేయవచ్చు, పది నిమిషాలు కలుపుకుంటే సరిపోతుంది. ఇది అలాంటిది కూడా కాదు.

ఇంత చూశాక గరిష్ఠ కనిష్ఠాల పద్ధతిని చెత్తబుట్టలో వేయాలనిపిస్తుంది. ప్రపంచ వాతావరణ సంస్థ మాత్రం ముప్ఫై ఏళ్ళ సాధారణ సగటులు కట్టేటప్పుడు ఆ పద్ధతినే వాడమంటుంది. మొండితనం కాదు, దానికి కారణం ఉంది. వందేళ్ళ కిందటి ఖాతా పుస్తకాల్లో చాలా ఊళ్ళకు ఉన్నవి ఆ రెండు అంకెలే. గంటగంటకూ కొలిచిన లెక్క అప్పటికి లేదు. నిన్నటి దాకా రెండు అంకెల సగటు రాసి, నేటి నుంచి ఇరవై నాలుగు అంకెల సగటు రాస్తే, ఊరు ఒక్క రాత్రిలో అర డిగ్రీ చల్లబడినట్టు కనిపిస్తుంది. పాత కొలతలో ఒక వంకర ఉన్నా, ఆ వంకర రోజూ ఒకేలా ఉంటే రెండు దశాబ్దాలను పక్కపక్కన పెట్టినప్పుడు చాలావరకు కొట్టుకుపోతుంది. కొలిచే పద్ధతి మధ్యలో మారితే మాత్రం కొట్టుకుపోదు.

అమెరికాలో సరిగ్గా ఇదే జరిగింది. అక్కడ ఊరూరా స్వచ్ఛందంగా ఉష్ణోగ్రత రాసేవారు వేల మంది ఉన్నారు. ఇరవయ్యో శతాబ్దం తొలి రోజుల్లో ఎక్కువమంది సాయంత్రం పూట చదివి, థర్మామీటరులో గరిష్ఠ కనిష్ఠాల దగ్గర ఆగి నిలిచే సూచికను మళ్ళీ మొదటికి తెచ్చేవారు. వాన కొలతలకు ఉదయమే మేలని తర్వాత మెల్లమెల్లగా ఉదయానికి మారారు. వేళ మారితే ఏమవుతుందంటారా? ఆదివారం సాయంత్రం అయిదింటికి ఇంకా 41 డిగ్రీలుండగా సూచికను సర్దామనుకోండి. అది 41 దగ్గరే నిలుస్తుంది. సోమవారం మబ్బు పట్టి 36 దాటకపోయినా, సాయంత్రం చదివేసరికి గరిష్ఠం 41 అనే చూపిస్తుంది. ఆదివారపు ఎండ రెండు రోజుల ఖాతాలో పడింది. తెల్లవారుజామున సర్దేవారికి ఇదే సంగతి చలితో జరుగుతుంది, ఒకే చల్లని ఉదయం రెండుసార్లు లెక్కకొస్తుంది. సాయంత్రం నుంచి ఉదయానికి మారిన చోటల్లా గాలిలో లేని చల్లదనం అంకెల్లో చొరబడింది. శాస్త్రవేత్తలు కూర్చుని దాన్ని సవరించాల్సి వచ్చింది. ఆ సవరణను చూపించి అంకెలు దిద్దేశారని గగ్గోలు పెట్టినవారూ ఉన్నారు. థర్మామీటరు సూచికను సర్దే వేళ గురించి ఒక్కసారి ఆలోచించి ఉంటే అంత గొడవ ఉండేది కాదు.

ఇక ఏది మేలు? నా మట్టుకు నేను పనిని బట్టి విడదీస్తాను. మీ ఊరి ఈ ఏడాది మే నెలను పాత మే నెలలతో పోల్చాలంటే గరిష్ఠ కనిష్ఠాల సగటే కట్టండి, ఎందుకంటే అవతలి వైపు ఉన్నది అదే. ఇంట్లో ఏసీ ఎంత కరెంటు తాగుతుందో, కోళ్ళ షెడ్డులో వేడి ఎన్ని గంటలు నిలిచిందో తెలియాలంటే గంటగంట లెక్కే కావాలి, నడిమి బిందువు అక్కడ మోసం చేస్తుంది. పంట ఎదుగుదలకు వేడి మొత్తం కూడే లెక్క ఒకటి ఉంది. 1735లో ఫ్రాన్స్‌లో రేమూర్ మొదలుపెట్టిన ఆలోచన అది. రోజు సగటులోంచి పంటకు కావలసిన కనీస ఉష్ణోగ్రతను తీసేసి, మిగిలినదాన్ని రోజూ కూడుతూ పోవడం. మొక్కజొన్నకు ఆ కనీసం 10. మన ఎండ రోజుకు 35.2లోంచి 10 తీస్తే 25.2 రావాలి కదా అని తొందరపడకూడదు. 30 దాటిన వేడి మొక్కజొన్నకు అక్కరకు రాదు కాబట్టి గరిష్ఠాన్ని 30గానే లెక్కలో వేస్తారు. 30, 28 కలిపి సగం చేస్తే 29, పది తీస్తే 19. ఇక్కడ గరిష్ఠ కనిష్ఠాల పద్ధతే నడుస్తోంది, రైతుకు అందుబాటులో ఉన్నవి ఆ రెండే గనుక.

వడగాలుల విషయంలో అయితే సగటు జోలికే పోవద్దు. వాతావరణ శాఖ మైదాన ప్రాంతాల్లో గరిష్ఠం కనీసం 40 ఉండి, మామూలు కంటే 4.5 డిగ్రీలు పెరిగితే వడగాలి అంటుంది. మామూలు ఎంతైనా సరే, 45 తాకితే వడగాలే, 47 అయితే తీవ్రమైనది. 42, 28 ఉన్న రోజుకూ, 38, 32 ఉన్న రోజుకూ నడిమి బిందువు ఒకటే: 35. మొదటిది పగలు చంపుతుంది, రెండోది రాత్రి నిద్ర పోనివ్వదు. ఆ రెండింటినీ ఒకే అంకెలో కుక్కడం వల్ల ఎవరికీ ఉపయోగం లేదు.

గంటగంటకూ కొలిచే సెన్సర్లు ఇప్పుడు చవకగా దొరుకుతున్నాయి కాబట్టి, వాటితో వచ్చే తంటా కూడా చెప్పాలి. మా డాబా మీద నేనే తయారుచేసుకున్న పెట్టెలో డీఎస్18బీ20 అనే చిన్న సెన్సర్ ఉంది. ఒకరోజు సగటు 36.8 వచ్చింది. ఎండ మామూలుగానే ఉందే అని వరుసలన్నీ వెతికితే, నడిరాత్రి ఒక గడిలో 85.0 అని ఉంది. కరెంటు పోయి వచ్చినప్పుడు, కొలత ఇంకా పూర్తికాకముందే అడిగితే ఆ సెన్సర్ ఇచ్చే అంకె అది. 34.7 ఉండాల్సిన చోట 85 వచ్చి కూర్చుంటే, ఇరవై నాలుగింట్లో ఆ ఒక్కటే రోజు సగటును 2.1 డిగ్రీలు పైకి లేపుతుంది. మధ్యగతం, అంటే అంకెలను వరుసలో పేరిస్తే నడుమ నిలిచేది, తీసుకుంటే ఇలాంటివి అంటవు కదా అంటారు కొందరు. అంటవు, నిజమే. కానీ గాలివానకు ముందు కాసిన నిజమైన ఎండ తీవ్రతను కూడా మధ్యగతం అంతే నిర్లక్ష్యంగా తోసిపుచ్చుతుంది. తప్పు అంకెను పట్టుకుని తీసేయడమే సరైన పని. తీసేశాక ఆ గడిని ఖాళీగా వదలండి, సున్నా పెట్టకండి. కంప్యూటర్ లెక్కల పట్టీ ఖాళీ గడిని వదిలేస్తుంది, సున్నాను మాత్రం నిజమైన సున్నా డిగ్రీలుగా నమ్మి సగటును దాదాపు డిగ్రీన్నర కిందికి లాగుతుంది. నెల సగటుకు కూడా ఒక హద్దు ఉంది: పదకొండు రోజుల రీడింగులు, లేదా వరుసగా అయిదు రోజులవి గల్లంతైతే ఆ నెలకు సగటు కట్టవద్దని ప్రపంచ వాతావరణ సంస్థ చెబుతుంది.

పద్ధతి కంటే ముందు చోటు చూసుకోవాలన్నది వేరే చెప్పనక్కర్లేదు గానీ, చెబుతాను. పిట్టగోడకు ఆనించిన థర్మామీటరు గోడ ఉష్ణోగ్రత చెబుతుంది, గాలిది కాదు. తెల్లని రంగు, గాలి ఆడే పలకల గోడలు, ఉత్తరానికి తలుపు, నేలకు 1.25 నుంచి 2 మీటర్ల ఎత్తు. స్టీవెన్‌సన్ పెట్టె అని పుస్తకాల్లో చదివింది ఇదే. అది లేకపోతే రోజంతా నీడ ఉండే, గాలి తగిలే చూరు కింద పెట్టినా నయమే.

ఇదంతా విని మా అమ్మాయి ఒకే ప్రశ్న వేసింది: "రాత్రి రెండున్నరకు ఎవరు లేస్తారు బాబాయ్?" న్యాయమైన ప్రశ్న. అందుకే పాత సామాన్లలోంచి సిక్స్ ఉష్ణమాపకం తీసి ఇచ్చాను. సిక్స్ అంటే ఆరు కాదు, 1780లో దాన్ని కనిపెట్టిన జేమ్స్ సిక్స్ పేరు అది. వంపు తిరిగిన గాజు గొట్టంలో పాదరసం రెండు సన్నని సూచికలను తోసుకుంటూ పోతుంది. ఎక్కువలో ఒకటి, తక్కువలో ఒకటి ఆగిపోతాయి. రాత్రి మనం నిద్రపోయినా అది మేలుకునే ఉంటుంది. చదివాక అయస్కాంతంతో సూచికలను కిందికి లాగి పాదరసానికి తగిలించాలి. రోజూ ఉదయం ఎనిమిదిన్నరకే చూడమని, చూడగానే సర్దమని చెప్పి పంపాను.

మర్నాడు ఎనిమిదిన్నరకు ఫోను మోగింది. 27.5 అంది. ఆ మర్నాడు కూడా సరిగ్గా 27.5. మూడో రోజూ అదే చెప్పేసరికి, అయస్కాంతం తిప్పుతున్నావా తల్లీ అని అడిగాను. అది ఫ్రిజ్ తలుపుకు అంటించి ఉందట.